నేనేమీ చేయలేదు, దానంతట అదే ఆగిపోయింది: విభాగాధిపతులకు బహిరంగ లేఖ

కార్యాలయాల్లో విభాగాధిపతులుగా, మేనేజర్లుగా, పాలనాధికారులుగా బాధ్యతలు చూస్తున్న పెద్దలకు నమస్కరించి రాస్తున్న లేఖ.

నేను కంప్యూటర్ సహాయ విభాగంలో పనిచేస్తున్నాను. మీ ఉద్యోగుల కంప్యూటర్ తెరుచుకోకపోయినా, ప్రింటర్ మొరాయించినా, పాస్‌వర్డ్ మరిచిపోయినా, మెయిల్ వెళ్లకపోయినా మొదటి ఫోన్ వచ్చేది మాకే. ఈ పనిలో ఎదురయ్యే విసుగుల గురించి మా విభాగాల్లో చెప్పుకునే కథలకు కొదవ లేదు. అవి చెప్పుకుని నవ్వుకోవడానికి బాగానే ఉంటాయి గాని, వాటివల్ల ఎవరి పనీ పిసరంతైనా సులువు కాలేదు. అందుకే ఈ లేఖను సహోద్యోగులకు కాకుండా మీకు రాస్తున్నాను. మాకు ఏది చెప్పాలో, ఏది దాచాలో, మాతో ఏ గొంతుతో మాట్లాడాలో, వరుసలో ఉన్నవారిని దాటుకుని ముందుకు ఎలా రావాలో ఉద్యోగులు నేర్చుకునేది శిక్షణ తరగతుల్లో కాదు; పై అధికారి ఏం చేస్తున్నారో చూసి, కార్యాలయం ఎవరిని శిక్షిస్తోందో, ఎవరి మాట చెల్లిస్తోందో గమనించి నేర్చుకుంటారు. ఆ రెండూ మీ చేతిలో ఉన్నవి.

మొదటే ఒక అపోహ తొలగించాలి. కంప్యూటర్ తెలియనివారంటే మాకు విసుగని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. తెలియనివారికి సాయం చేయడానికే మాకు జీతం ఇస్తున్నారు. ఖాతాల విభాగంలో సంవత్సరాంతపు లెక్కలు ఎలా ముగిస్తారో నాకు తెలియదు, న్యాయ విభాగంలో ఒప్పంద పత్రం ఎలా తయారవుతుందో తెలియదు. వారికి డ్రైవర్ (ప్రింటర్ లాంటి పరికరాన్ని కంప్యూటర్‌తో మాట్లాడించే చిన్న ప్రోగ్రాం) అంటే ఏమిటో తెలియకపోతే నాకేమీ అభ్యంతరం లేదు. మౌస్ పట్టుకోవడమే కొత్తయినవారైనా సరే, తామేం చేశారో ఉన్నదున్నట్టు చెబితే వారి పని చేసిపెట్టడం మాకు హాయిగా ఉంటుంది. కష్టమంతా ఏం జరిగిందని అడిగినప్పుడు "నేనేమీ చేయలేదండీ, దానంతట అదే ఆగిపోయింది" అన్న జవాబు వచ్చినప్పుడే.

ఆ జవాబు ఎంత నష్టం తెస్తుందో కాస్త దగ్గరగా చూపిస్తాను. ఒక ల్యాప్‌టాప్ మా దగ్గరికి వస్తుంది. ఫిర్యాదులో "ఆన్ కావడం లేదు" అన్న మూడు మాటలు తప్ప మరేమీ ఉండదు. కీబోర్డు మీద వేలు ఆనిస్తే రెండు మూడు మీటలు కిందికి దిగి, పైకి రావడానికి తటపటాయిస్తాయి. అడుగు మూత విప్పితే బోర్డు మీద ఒక మూల ఆకుపచ్చగా చిలుము పట్టి కనిపిస్తుంది, దాని పక్కనే అతికించి ఉన్న చిన్న తెల్ల బిళ్ల ఎర్రబడి ఉంటుంది. తడి తగిలితే రంగు మారే ఆ బిళ్లను చాలా కంపెనీలు తయారీలోనే అతికిస్తాయి. అంటే, ఏదో ఒలికిందన్న సంగతి మూత విప్పిన క్షణంలోనే మాకు తెలిసిపోతుంది. ఆ మనిషికి మొదటినుంచీ తెలుసు. అయినా ఇద్దరమూ తెలియనట్టే మాట్లాడుకోవాలి. ఒలికిన వెంటనే ఛార్జర్ పీకేసి, పవర్ మీటను నొక్కిపట్టి యంత్రాన్ని ఆపేసి మాకు కబురు చేసి ఉంటే, చాలా సందర్భాల్లో యంత్రం దక్కేది, యంత్రం దక్కకపోయినా అందులోని ఫైళ్లయినా దక్కేవి. తడి ఒక్కటే అయితే అంత చేటు చేయదు, తడిలో కరెంటు పారడమే బోర్డును తినేస్తుంది. పైపైన తుడిచి, మళ్లీ ఆన్ చేసి, పనిచేస్తోంది కదా అని ఊపిరి పీల్చుకుని, అది పూర్తిగా మూగబోయాక తెచ్చి ఇస్తే మేము చేయగలిగింది దాదాపు ఏమీ మిగలదు.

ఇక్కడ నేను అడుగుతున్నది ఆ ఉద్యోగి ఎందుకు అబద్ధమాడారని కాదు. నిజం చెప్పినవారికి మీ కార్యాలయంలో ఏం జరుగుతుందని అడుగుతున్నాను. చాలా చోట్ల నిజం చెప్పినవారికి సంజాయిషీ నోటీసు వస్తుంది, జీతంలోంచి రికవరీ అంటారు, ఏడాది చివరి మదింపులో దాన్ని ఎత్తి చూపుతారు. దాచినవారి ఫైలు మాత్రం "సాంకేతిక లోపం" అని మూతపడుతుంది. అలాంటప్పుడు లోకం తెలిసిన మనిషి ఎవరైనా రెండోదారే ఎంచుకుంటారు. మాతో వ్యవహరించడం కష్టమనిపించే ఉద్యోగుల్లో సగంమంది మొండివారు కారు, భయపడుతున్నవారు. భయపడిన మనిషి గొంతు మొండిమనిషి గొంతులాగే వినిపిస్తుంది, రెండు ప్రశ్నలు ఎక్కువ అడిగేసరికి "అంటే నేను అబద్ధం చెబుతున్నానా?" అని ఎదురు తిరుగుతుంది.

ల్యాప్‌టాప్ పోతే ఒక వస్తువు పోయినట్టు. అదే భయం దొంగ మెయిల్ విషయంలో కార్యాలయం మొత్తాన్ని ముంచుతుంది. జీతాల సవరణ పట్టిక జతచేశామంటూ ఒక మెయిల్ వస్తుంది, లింకు నొక్కితే లాగిన్ పేజీ తెరుచుకుంటుంది, పాస్‌వర్డ్ కొట్టాక తెల్లటి పేజీ తప్ప ఏమీ రాదు. ఏదో తేడా జరిగిందని ఆ ఉద్యోగికి ఆ నిమిషంలోనే అనుమానం వస్తుంది. ట్యాబ్ మూసేసి, చుట్టూ చూసి, మౌనంగా పనిలో పడతారు. ఆ మౌనం కొనసాగినంతసేపూ అవతలివాడు ఆ మెయిల్ పెట్టెలో కూర్చుని పనిచేసుకుంటాడు. ఇలాంటి దాడుల్లో తరచూ చేసే పని ఒకటుంది: మెయిల్ పెట్టెలో ఒక రూల్ రాసి, కొన్ని రకాల జవాబులు అసలు మనిషికి కనిపించకుండా ఎవరూ తెరవని ఫోల్డర్‌లోకి మళ్లిస్తారు. ఆ తర్వాత అదే పేరుతో ఖాతాల విభాగానికి "బ్యాంకు వివరాలు మారాయి" అని మెయిల్ వెళుతుంది. ఐదు నిమిషాల్లో చెప్పి ఉంటే పాస్‌వర్డ్ మార్చి, తెరిచి ఉన్న లాగిన్లన్నీ తెగ్గొట్టి, రూల్స్ తుడిచేసి వదిలేసేవాళ్లం. సాయంత్రానికి తెలిస్తే ఎవరెవరికి ఏమేం వెళ్లిందో ఏరుకోవడంతోనే వారాలు గడుస్తాయి. దొంగ లింకు నొక్కినవారి పేర్లను సమావేశంలో చదివి సిగ్గుపడేలా చేసే కార్యాలయాలు ఉన్నాయి. అలా చదివిన రోజునుంచి ఆ కార్యాలయంలో లింకులు నొక్కడం ఆగదు, చెప్పడం ఆగుతుంది.

చెప్పేది అసలు నిజమేనా అన్న చిక్కు రీస్టార్ట్ దగ్గర మరీ విచిత్రంగా ఉంటుంది. "ఒకసారి రీస్టార్ట్ చేశారా?" అన్నది మా నోట ఎక్కువగా వినిపించే ప్రశ్న; "ఇప్పుడే చేశానండీ" అన్నది ఎక్కువగా వచ్చే జవాబు. విండోస్‌లో ఉండే టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ పేజీలో సీపీయూ కింద చూస్తే, ఆ యంత్రం ఎన్ని రోజులుగా ఆగకుండా నడుస్తోందో "అప్ టైమ్" అన్న చోట అంకెల్లో ఉంటుంది. అది వారాలు చూపిస్తుంటే మనిషి మాట నమ్మాలా, అంకెను నమ్మాలా? కొందరు ఆపేది మానిటర్‌ను మాత్రమే. కాని చాలామంది నిజంగానే షట్‌డౌన్ చేసి, మళ్లీ ఆన్ చేసి ఉంటారు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అన్న ఏర్పాటు ఉంది. అది అమలులో ఉన్న యంత్రంలో షట్‌డౌన్ నొక్కితే విండోస్ తన ప్రధాన భాగపు స్థితిని డిస్కులో దాచిపెట్టుకుని, ఆన్ చేసినప్పుడు అక్కడినుంచే లేస్తుంది. యంత్రం త్వరగా లేస్తుంది, పాత చిక్కు కూడా దానితోపాటే లేస్తుంది. మొత్తం కొత్తగా మొదలయ్యేది రీస్టార్ట్ నొక్కినప్పుడే. కాబట్టి ఆ ఉద్యోగి మాట నిజం, అంకె కూడా నిజం. ఈ సంగతి తెలియని సహాయకుడు ఎదుటివారిని అబద్ధాలకోరుగా చూస్తాడు, ఆ చూపు పట్టుకున్న ఉద్యోగి మరోసారి ఏమీ చెప్పరు. షట్‌డౌన్ అంటే పూర్తిగా ఆగడమని అనుకోవడంలో ఆ మనిషి తప్పేమీ లేదని నా అభిప్రాయం. పేరు ఒకటి పెట్టి పని మరొకటి చేసే మీట రూపొందించినవారిదే ఆ తప్పు.

తెర మీద వచ్చిన సందేశాన్ని చదవకుండానే మూసేయడం మరో వేధింపు. "ఏదో వచ్చిందండీ, ఓకే కొట్టేశాను" అంటారు. ఆ ఏదో అన్నదే మాకు కావలసింది. జేబులో ఉన్న ఫోన్‌తో ఒక ఫోటో తీసి పంపితే అరగంట పని రెండు నిమిషాల్లో తేలుతుంది. కారులో శబ్దం వస్తోందని మెకానిక్‌కు చెప్పి, ఎక్కడ, ఎప్పుడు, ఏ వేగంలో అని అడిగితే చిరాకు పడేవారెవరూ ఉండరు గాని, మా దగ్గర మాత్రం ప్రశ్న అడగడమే మా చేతగానితనానికి గుర్తుగా తీసుకుంటారు.

ప్రింటర్ గురించి రాయకుండా ఈ లేఖ పూర్తికాదు కాబట్టి ఒక్క సన్నివేశం రాసి ముందుకు వెళతాను. ఎక్కడినుంచో వచ్చిన పత్రం అమెరికాలో వాడే లెటర్ సైజులో తయారై ఉంటుంది, అంటే 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 పొడవు. ప్రింటర్ ట్రేలో ఉన్నది ఏ4, అంటే 210 వెడల్పు, 297 పొడవు. తన దగ్గర లేని కాగితం అడిగారు కాబట్టి ప్రింటర్ ఆగి, లెటర్ కాగితం పెట్టమని తన చిన్న తెర మీద రాసి, నారింజ రంగు దీపం వెలిగించి, ఎవరైనా వస్తారని ఎదురుచూస్తుంది. ఎవరూ ఆ తెర చూడరు. మొదటివారు ప్రింట్ రాలేదని మళ్లీ నొక్కుతారు, మరోసారి నొక్కుతారు. వారి వెనక వచ్చినవారి పత్రాలు కూడా ఆ వరుసలో ఇరుక్కుపోతాయి. మాకు ఫోన్ వచ్చేసరికి "మీ ప్రింటర్ ఎప్పుడూ ఇంతే" అన్న తీర్పు కూడా వెలువడి ఉంటుంది. ఆ ఒక్క పత్రాన్ని రద్దు చేయగానే వెనకున్నవన్నీ వరదలా బయటికి వస్తాయి, నొక్కినన్ని ప్రతులూ వస్తాయి, కాగితం వృథా అయిందని మరో ఫిర్యాదు వస్తుంది. ఆ ప్రింటర్ ఎప్పుడు "మన" ప్రింటర్ అవుతుందో, ఎప్పుడు "మీ" ప్రింటర్ అవుతుందో గమనిస్తే కార్యాలయంలో మా స్థానం ఏమిటో బోధపడుతుంది.

ఇక మీకు నేరుగా సంబంధించిన విషయానికి వస్తాను. ప్రతి కార్యాలయంలో ఫిర్యాదు నమోదుకు (నమోదైన ఫిర్యాదును మేము టికెట్ అంటాం) ఒక పద్ధతి ఉంటుంది, వరుస ఉంటుంది, దేనికెంత తొందర అన్న లెక్క ఉంటుంది. దాన్ని మొదట దాటేది కింది ఉద్యోగులు కారు. టికెట్ నమోదు చేయకుండా నేరుగా ఫోన్ చేసేది, నడవాలో ఎదురైనప్పుడు "ఒక్క నిమిషం ఇలా వచ్చి చూడు" అని తీసుకుపోయేది, మా అధికారికి చెప్పి ఒత్తిడి తెచ్చేది చాలావరకు పెద్ద హోదాల్లో ఉన్నవారే. ఆ ఒక్క నిమిషం గంట అవుతుంది. ఈలోగా వరుసలో మొదట ఉన్న చిన్న ఉద్యోగి కంప్యూటర్ లేకుండా చేతులు కట్టుకు కూర్చుంటారు, తర్వాత మేము వెళితే ఆ కోపమంతా మా మీద చూపిస్తారు. ఆ కోపం న్యాయమైనదే, కాకపోతే చేరవలసిన చోటికి చేరలేదు. పైవారి మాటకు, కిందివారి కోపానికి మధ్య మేము అడకత్తెరలో పోకచెక్కలా నలుగుతాం. అరిచినవారి పని ముందు అవుతుందని ఒకసారి రుజువైతే, మరునాటినుంచి మెత్తగా మాట్లాడేవారు కూడా అరవడం నేర్చుకుంటారు. ప్రతి టికెట్ మీదా "అత్యవసరం" అని పడుతుంది. అన్నీ అత్యవసరమైన వరుసలో నిజంగా మునిగిపోతున్న పని ఏదో కనిపెట్టే దారి మాకు ఉండదు.

ఇది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే అయితే నేను ఇంతగా రాసేవాడిని కాదు. హోదా చూపించి నియమం దాటే అలవాటు ఉన్న కార్యాలయం దొంగకు తలుపు తెరిచిపెట్టినట్టే. "నేను ఫలానా డైరెక్టర్‌ను, సమావేశంలో ఉన్నాను, ధ్రువీకరణ అవన్నీ తర్వాత చూద్దాం, ముందు పాస్‌వర్డ్ మార్చి చెప్పు" అని నిజమైన డైరెక్టర్ తరచూ ఫోన్ చేసే చోట, అదే మాట దొంగ అన్నప్పుడు తేడా పట్టేది ఎవరు? 2023 సెప్టెంబరులో అమెరికాలో హోటళ్లు, కాసినోలు నడిపే ఎంజీఎం రిసార్ట్స్ సంస్థ మీద జరిగిన దాడిలో, దుండగులు ఉద్యోగిలా నటిస్తూ హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేసి లోపలికి దూరారని విస్తృతంగా వార్తలు వచ్చాయి. తమకు సుమారు 10 కోట్ల డాలర్ల నష్టం వాటిల్లిందని ఆ సంస్థే ప్రకటించింది. దీనికి రెండోవైపు 2020 జూలైలో ట్విటర్‌లో కనిపించింది. అక్కడ దుండగులు తాము ఐటీ విభాగం నుంచి మాట్లాడుతున్నామనీ, వీపీఎన్ (ఇంటినుంచి కార్యాలయ నెట్‌వర్క్‌లోకి వెళ్లే సురక్షిత దారి) ఇబ్బంది సరిచేస్తామనీ ఉద్యోగులకు ఫోన్ చేసి, వారి లాగిన్ వివరాలు రాబట్టి, ఎందరో ప్రముఖుల ఖాతాలనుంచి మోసపు సందేశాలు పెట్టారు. సహాయ విభాగంలో ఎవరుంటారో, వాళ్లు ఏమి అడుగుతారో, ఏమి ఎప్పటికీ అడగరో ఉద్యోగులకు తెలిసి ఉంటే అలాంటి ఫోన్ దగ్గర ఒక క్షణం ఆగుతారు. మమ్మల్ని పేరు లేని మనుషులుగా, "ఐటీ వాళ్లు"గా మాత్రమే ఎరిగిన కార్యాలయంలో ఎవరైనా ఐటీ వాళ్లు కావచ్చు. కాబట్టి ఈసారి మేము ధ్రువీకరణ అడిగినప్పుడు మీరు విసుక్కోకుండా జవాబు చెబితే, ఆ ఒక్క పని మీరు ఇప్పించే భద్రతా శిక్షణలన్నిటికంటే ఎక్కువ నేర్పుతుంది.

"నాకీ కంప్యూటర్లు రావండీ" అన్న మాట గురించి కూడా చెప్పాలి. మొదటి ఏడాది అది వినయం. పదేళ్ల తర్వాత కూడా అదే మాట అంటుంటే అది పని తప్పించుకునే తోవ. ప్రతి నెలాఖరునా అదే పత్రాన్ని పీడీఎఫ్‌గా మార్చిపెట్టమని ఫోన్ చేసేవారు ఉన్నారు. చూపిస్తాం రాసుకోండి అంటే, "నువ్వే చేసేయ్, నీకు చిటికెలో పని" అంటారు. చిటికెలో పనే కావచ్చు, కాని అది వారి పని. ఎక్సెల్ తెరుచుకోకపోతే సరిచేయడం మా బాధ్యత, అందులో వారి నివేదిక తయారుచేయడం కాదు. ఈ గీత ఎక్కడుందో మేము చెబితే సహకరించడం లేదన్న ఫిర్యాదు మీ దగ్గరికి వస్తుంది. మీరు చెబితే అది నియమం అవుతుంది.

ఈ గీత లేకపోవడం వల్ల జరిగే అసలు నష్టం వేరే ఉంది. పనిముట్టు గురించి తెలుసుకోవడం తమ పనిలో భాగం కాదని అందరూ అనుకునే చోట, ఆ పనిముట్టు మోయలేని బరువును దానిమీద ఎత్తుతున్నారని చెప్పేవారు ఎవరూ ఉండరు. 2020లో ఇంగ్లండ్‌లో కోవిడ్ పరీక్షల ఫలితాలను పాత ఎక్సెల్ ఫైల్ పద్ధతిలోకి ఎక్కించారు. ఆ పద్ధతిలో ఒక షీటులో 65,536 వరుసలకు మించి పట్టవు. 2007నుంచి వచ్చిన కొత్త పద్ధతిలో 10,48,576 వరుసలు పడతాయి. పట్టని వరుసలు రాలిపోయి, 15,841 పాజిటివ్ కేసులు సకాలంలో లెక్కలోకి ఎక్కకుండా పోయాయి. అక్కడ కంప్యూటర్ పాడవలేదు, ఏ హెచ్చరిక దీపమూ వెలగలేదు. మీ విభాగంలో ఏళ్ల తరబడి ఒకే ఫైల్‌లో పెరుగుతూ వస్తున్న ఆ పెద్ద పట్టిక, తెరవడానికి పావుగంట పడుతోందని ప్రతివారం మాకు ఫిర్యాదు వచ్చే ఆ పట్టిక, కొత్త కంప్యూటర్ కొంటే బాగుపడదు. దాన్ని డేటాబేస్‌లోకి, అంటే పెద్ద సమాచారాన్ని దాచి వెతకడానికే చేసిన ఏర్పాటులోకి, మార్చాలని మేము చెప్పినప్పుడు "మాకు ఇలాగే అలవాటు" అన్న జవాబు దగ్గర మీరు కలగజేసుకోవాలి.

ఉద్యోగుల విసుగులో న్యాయం లేదని మాత్రం నేను అనను. మా వృత్తి వారికి పెట్టిన బాధలు తక్కువేమీ కావు. పాస్‌వర్డ్‌లో పెద్ద అక్షరం, అంకె, ప్రత్యేక గుర్తు ఉండాలని, కొన్ని నెలలకొకసారి తప్పక మార్చాలని ఏళ్ల తరబడి వేధించాం. ఆ తరహా నియమాలకు మూలమైన మార్గదర్శకాలను 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీకి రాసిన బిల్ బర్, వాటిలో చాలావాటికి తాను ఇప్పుడు విచారిస్తున్నానని 2017లో ఒక పత్రికకు చెప్పారు. అదే ఏడాది ఆ సంస్థ తన సూచనలను మార్చి, కారణం లేకుండా గడువు పెట్టి పాస్‌వర్డ్ మార్పించవద్దంది. 2019లో మైక్రోసాఫ్ట్ కూడా విండోస్‌కు తాను సిఫారసు చేసే భద్రతా నియమాల నుంచి ఆ గడువును తీసేసింది. చివర ఒక అంకె పెంచుకుంటూ, చీటీ మీద రాసి కీబోర్డు కింద దాచుకున్న ఉద్యోగిని చూసి నవ్వినవాళ్లు, ఆ చీటీ ఎవరి నియమం వల్ల పుట్టిందో ఆలోచించలేదు. ఇప్పటికీ అదే నియమం నడుస్తున్న కార్యాలయాలు ఉన్నాయి. మీది వాటిలో ఒకటైతే మీ భద్రతాధికారిని కారణం అడగండి. ముందు చెప్పకుండా సోమవారం ఉదయానికి మెనూలన్నీ మార్చేసే సాఫ్ట్‌వేర్ గురించి వారు చేసే ఫిర్యాదు కూడా సబబైనదే. మా వృత్తిలో కొందరు ఉద్యోగులను వెక్కిరించే రహస్య సంకేతాలు టికెట్లలో రాసుకుంటారు. అది వినోదం కాదు, అవమానం, ఏదో ఒకరోజు ఆ ఉద్యోగి కంట పడుతుంది కూడా.

మా పనిని మీరు కొలిచే తీరు గురించి కొంచెం చెప్పాలి. ఎన్ని టికెట్లు మూసారు, ఎంత సేపట్లో మూసారు అన్న అంకెలే మీ ముందుకు వస్తాయి. ఐటీ సేవల నిర్వహణలో ఎక్కువమంది అనుసరించే ఐటిల్ పద్ధతిలో, సేవకు కలిగిన అంతరాయాన్ని ఇన్సిడెంట్ అనీ, దాని వెనకున్న కారణాన్ని ప్రాబ్లెమ్ అనీ విడదీసి చూస్తారు. మీ లెక్కలో ఉన్నది మొదటిదే. ఒకే ప్రింటర్‌ను నెలలో ముప్పైసార్లు బాగుచేసినవారు ముప్పై టికెట్లు మూసిన చురుకైన ఉద్యోగి అవుతారు; ఒకరోజు కూర్చుని దాని సెట్టింగు శాశ్వతంగా సరిచేసినవారు ఒకే టికెట్ మూసిన బద్ధకస్తులవుతారు. ఏ సమస్యా లేని నెలలో "అసలు వీళ్లెందుకు?" అన్న ప్రశ్న వస్తుంది. సమస్య వచ్చిన నెలలో "వీళ్లేం చేస్తున్నారు?" అన్న ప్రశ్న వస్తుంది.

ఈ రెండో ప్రశ్న 2024 జూలై 19న ప్రపంచమంతటా వినిపించింది. క్రౌడ్‌స్ట్రైక్ అన్న భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర దగ్గర ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. లోపం ఉన్న ఫైల్‌ను వెనక్కి తీసుకోవడం గంటన్నరలోపే జరిగింది గాని, అప్పటికే పడిపోయిన యంత్రాల్లో చాలావాటిని సేఫ్ మోడ్‌లో (అత్యవసర భాగాలతో మాత్రమే విండోస్ లేచే తీరులో) తెరిచి, ఆ ఒక్క ఫైల్‌ను చేత్తో తొలగించాల్సి వచ్చింది. డిస్కులోని సమాచారాన్ని ఇతరులు చదవకుండా కాపాడే విండోస్ బిట్‌లాకర్ తాళం ఉన్నచోట ముందు 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు. యంత్రం సహాయకుడి దగ్గర లేకపోతే ఆ అంకెలను ఫోన్‌లో ఒక్కొక్కటిగా చదివి చెప్పాలి, అవతలి ఉద్యోగి ఒక్కొక్కటిగా కొట్టాలి, తెర మీద ఏం వచ్చిందో తిరిగి చదివి వినిపించాలి. అలాంటి రోజున పనికొచ్చేది ఉద్యోగి కంప్యూటర్ ప్రావీణ్యం కాదు. కనిపించింది కనిపించినట్టు చదవడం, చెప్పింది చెప్పినట్టు చేయడం, తప్పు కొడితే "తప్పు కొట్టాను, మళ్లీ చెప్పండి" అనగలగడం. మామూలు రోజుల్లో ఆ మాట అనడానికి భయపడే కార్యాలయంలో ఆరోజు ఎవరూ హఠాత్తుగా నిర్భయులు కారు.

కాబట్టి మా కోరికలు పెద్దవేమీ కావు. కంప్యూటర్‌కు జరిగిన నష్టాన్నీ, దొంగ లింకు నొక్కిన సంగతినీ వెంటనే తెలియజేసినవారి మీద చర్య ఉండదని మీ సంతకంతో ఒక ఉత్తర్వు ఇవ్వండి. నిర్లక్ష్యం పదేపదే జరిగితే దాన్ని వేరుగా చూసే హక్కు మీకు ఎలాగూ ఉంటుంది. మీ స్వంత ఫిర్యాదును కూడా అందరిలాగే నమోదు చేయించండి. నిజంగా అత్యవసరమైతే ఏది ఆగిపోయిందో, ఎంతమంది ఆగిపోయారో రెండు ముక్కల్లో రాయండి, మేమే దాన్ని ముందుకు జరుపుతాం. మాతో దురుసుగా మాట్లాడిన ఉద్యోగి గురించి మేము చెప్పినప్పుడు, వారి పని ఎంత బాగుంటుందో మాకు వివరించి సరిపెట్టవద్దు. జూలై నెల చివరి శుక్రవారం సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లకు (కంప్యూటర్ వ్యవస్థలను నిర్వహించేవారికి) కృతజ్ఞత తెలిపే రోజుగా 2000 నుంచి ఒకటి నడుస్తోంది. ఆ రోజున శుభాకాంక్షలు వస్తే సంతోషమే, కాని ఆ మరుసటి వారం మా ప్రశ్నలకు నిజమైన జవాబులు వస్తే అంతకంటే సంతోషం.

ఒక చివరి అభ్యర్థన, ఇది ఈ వారంలోనే చేయగలిగింది. వస్తువులు పాడైనప్పుడు మీ కార్యాలయంలో నింపించే నివేదిక పత్రాన్ని ఒకసారి తెప్పించి చూడండి. సాధారణంగా అందులో "బాధ్యులు ఎవరు" అన్న గడి పైన ఉంటుంది, "ఏం జరిగింది" అన్నదానికి ఒక పంక్తి చోటు ఉంటుంది, "ఎప్పుడు తెలియజేశారు" అన్న గడి అసలు ఉండదు. ఆ మూడో గడిని కొత్తగా పైన చేర్చి, రెండోదానికి అరపేజీ చోటు ఇచ్చి, మొదటిదాన్ని తీసేయండి. కొత్త పత్రం అచ్చుకు వెళ్లేముందు మాకు ఒక ప్రతి పంపితే, ల్యాప్‌టాప్ విషయంలో ఏయే వివరాలు అడగాలో మేము రాసి ఇస్తాం.

ఇట్లు,
కంప్యూటర్ సహాయ విభాగంలో పనిచేస్తున్న ఒక ఉద్యోగి